కొలిమి దగ్గర పుట్టిన పేరు

మొన్న ఆదివారం పొద్దున్నే మా పక్కవాటా కుర్రవాడు మొహం ముడుచుకుని వచ్చి నా ఎదుట కుర్చీలో కూర్చున్నాడు. ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. మామూలుగా అయితే వచ్చీ రాగానే క్రికెట్టు కబుర్లతో నా చెవులు తినేస్తాడు. ఆ పూట మాటా లేదు, పలుకూ లేదు. చివరకు నేనే, "ఏరా, ఏమయింది?" అన్నాను.

"తాతగారూ, ఇంటిపేరు మార్చుకోవాలంటే ఏం చెయ్యాలి?" అన్నాడు.

నెమ్మదిగా బుజ్జగించి అడిగితే సంగతి బయటపడింది. వాడి ఇంటిపేరు కమ్మరి. ఈ ఏడు కొత్త బడిలో చేరాడు. మాస్టారు హాజరు పిలుస్తూ ఇంటిపేరుతో సహా చదివారట. వెనక బల్లమీది పిల్లలు "ఠణంగు, ఠణంగు" అంటూ స్కేళ్ళతో బల్ల మీద కొట్టి నవ్వారట. అప్పటినుంచీ బడిలో వీడి పేరు ఠణంగే! వీడి తాత పల్లెటూళ్ళో కొలిమి నడిపిన మనిషి. తండ్రి బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాడు. వీడయితే కొలిమిని ఫొటోలో తప్ప చూసి ఎరగడు.

"సరేగాని, నీకు బాగా ఇష్టమైన ఆటగాడెవడు?" అన్నాను.

"స్టీవ్ స్మిత్," అన్నాడు ఠక్కున. కాస్త ప్రాణం లేచి వచ్చినట్లయింది.

"మరి అతన్ని కూడా ఠణంగు అని పిలవరేం?"

వాడు తెల్లబోయి చూశాడు.

"స్మిత్ అంటే ఏమనుకున్నావు నాయనా? కమ్మరి!"

ఆ పూట వాడికి చెప్పిన కబుర్లే, మరికొన్ని చేర్చి, మీకూ చెబుతాను. మన పిల్లల పుస్తకాల నిండా, సినిమాల నిండా, ఆటల నిండా ఈ పేర్లే గదా. వాటి వెనక ఏముందో తెలుసుకుంటే నష్టం లేదు.

ఇంగ్లీషువారికి మొదట్లో ఇంటిపేర్లు లేవు. ఒక మనిషికి ఒకటే పేరు. ఊళ్ళు చిన్నవి, జనం తక్కువ, దానితోనే సరిపోయేది. 1066లో నార్మన్లు ఫ్రాన్సునుంచి వచ్చి ఇంగ్లండును జయించారు. వారితోబాటు వారి పేర్లూ వచ్చాయి. ఎవరిని చూసినా జాన్, విలియం, రాబర్ట్, రిచర్డ్. ఒకే ఊళ్ళో నలుగురు జాన్‌లుంటే పన్ను ఎవడు కట్టినట్లు? పొలం ఎవడి పేర రాసినట్లు? అందుకని పేరు పక్కన ఒక గుర్తు తగిలించడం మొదలుపెట్టారు. మొదట్లో ఆ గుర్తు మనిషితోనే పోయేది. తరువాత తరువాత తండ్రి గుర్తే కొడుక్కీ వచ్చింది. 1400 ప్రాంతానికి ఇంగ్లండులో చాలామందికి వంశపారంపర్యమైన ఇంటిపేర్లు ఏర్పడ్డాయి.

ఈ గుర్తులు నాలుగు విధాలు. మొదటిది తండ్రి పేరు. జాన్ కొడుకు జాన్సన్, రాబర్ట్ కొడుకు రాబర్ట్‌సన్. రెండవది వుండే చోటు. కొండ పక్కన వుంటే హిల్, అడవి పక్కన వుంటే వుడ్. ఇక్కడ మనకు బాగా తెలిసిన పేరొకటి వున్నది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తిచేయించి గోదావరి డెల్టాకు అన్నం పెట్టిన సర్ ఆర్థర్ కాటన్ దొరగారి పేరు వినగానే పత్తి గుర్తుకు వస్తుంది. కాని ఆ పేరుకూ పత్తికీ సంబంధం లేదు. 'గుడిసెల దగ్గర' అనే అర్థం గల పాత ఇంగ్లీషు మాటలోంచి వచ్చిందది. గుడిసెల దగ్గర వుండేవాడు కాటన్ అన్నమాట. మూడవది మనిషి రూపాన్ని బట్టి వచ్చే పేరు. వేమన పద్యాలను వెలికి తీసి, 1829లో అచ్చువేయించి, మనకు నిఘంటువులు కట్టిపెట్టిన సి. పి. బ్రౌన్ దొరగారి పూర్వీకుడెవరో గోధుమరంగు జుట్టువాడో, చామనచాయవాడో అయివుంటాడు. ఆ రంగే ఇంటిపేరయి కూర్చున్నది.

నాలుగవది చేసే పని. బేకర్ రొట్టెలు కాల్చేవాడు. టైలర్ బట్టలు కుట్టేవాడు. కుక్ వంటవాడు. 1979 నుంచి 1990 దాకా బ్రిటనును ఏలిన ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్‌గారికి పెనిమిటి వైపునుంచి వచ్చిన ఇంటిపేరుకు అర్థం, ఇళ్ళకు గడ్డి కప్పేవాడని. మన పిల్లలంతా నెత్తిన పెట్టుకున్న మాయల కుర్రవాడు హ్యారీ పాటర్ వున్నాడే, ఆ పాటర్ అనే మాటకు కుమ్మరి అని అర్థం!

ఇటువంటి వృత్తి పేర్లన్నిటిలోకీ పెద్దది స్మిత్. 975 నాటికే ఇంగ్లండు ఉత్తరభాగాన డర్హాం ప్రాంతంలో ఎచ్చార్డ్ స్మిత్ అనే వ్యక్తి పేరు రాతలో కనిపిస్తుంది. అంటే నార్మన్లు రాకముందే. రాజరాజ నరేంద్రుని కొలువులో నన్నయభట్టు భారతం మొదలుపెట్టకముందే!

ఈ మాటకు చాలాకాలం ఒక తప్పుడు అర్థం చెబుతూ వచ్చారు. ఇంగ్లీషులో 'స్మైట్' అంటే బలంగా కొట్టడం. సమ్మెటతో కొట్టేవాడు కనుక స్మిత్ అయ్యాడని. వినడానికి ఎంత సబబుగా వున్నదో చూడండి! కాని భాషాశాస్త్రజ్ఞులు దీన్ని ఒప్పుకోరు. ఈ రెండు మాటల పుట్టుకలూ వేరు. జర్మను, డచ్చి, స్కాండినేవియా భాషలన్నిటిలోనూ స్మిత్‌కు అన్నదమ్ములున్నారు. ఆ భాషల తల్లిలో ఈ మాటకు పనితనం గలవాడు, నేర్పరి అని అర్థం. పూర్వం కర్రపని చేసేవాడికి కూడా ఈ పేరు చెల్లింది. క్రమంగా లోహం పనివాడికే స్థిరపడింది. కొట్టేవాడు కాదు, నేర్పరి! మా కుర్రవాడికి ఈ మాట రెండుసార్లు చెప్పాను.

కమ్మరాలలో కూడా తరతమ భేదాలున్నాయి. బంగారం పనివాడు గోల్డ్‌స్మిత్. బాణాలకు ములుకులు చేసేవాడు ఆరోస్మిత్. కత్తులు చేసేవాడు నైస్మిత్. 1891లో బాస్కెట్‌బాల్ ఆట కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ ఇంటిపేరు అటువంటిదే. చెయ్యి తిరిగిన రాయసగాళ్ళు ఎవరికి తోచినట్లు వారు రాయడంవల్ల కొందరు స్మైత్‌లయ్యారు, స్మైద్‌లయ్యారు. ఈ అక్షరాల తేడా చూసుకుని తాము మామూలు స్మిత్‌ల కంటే ఒక మెట్టు పైవారమనుకునేవారూ లేకపోలేదు. ఇంటిపేరులో 'వై' వేసినంత మాత్రాన కొలిమి మసి వదులుతుందా, మీరే చెప్పండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంగ్లండులో ఇంటిపేర్లన్నిటిలోకీ స్మిత్ ఎందుకు మొదటిదయింది? ఆ కాలంలో నూటికి తొంభైమంది బతుకు సేద్యం మీదే. అటువంటప్పుడు రైతు అనే పేరు గలవారు కదా ఎక్కువ వుండాలి?

ఇక్కడే వున్నది తమాషా. పేరు పెట్టేది గుర్తుపట్టడానికి. ఊరంతా రైతులే అయినప్పుడు, "రైతు జాన్" అంటే ఏ జాన్? గుర్తు పట్టలేం. కాని ఊరికి కమ్మరి ఒక్కడే. "కమ్మరి జాన్" అంటే వేలు పెట్టి చూపినట్లే. పోనీ కమ్మరి లేని వూరున్నదా అంటే అదీ లేదు. నాగలికి కర్రు కావాలి, గుర్రానికి లాడం కావాలి, తలుపుకు గడియ కావాలి, సిపాయికి కత్తి కావాలి. కనుక ప్రతి ఊళ్ళోనూ ఒకడు తప్పక వుండాలి, ఒకడికి మించి అక్కరలేదు. ఇంటిపేరు నిలవడానికి ఇంతకంటే అనువైన వృత్తి మరొకటి లేదు. దేశంలో ఎన్ని ఊళ్ళో అన్ని స్మిత్ కుటుంబాలు మొలిచాయి.

మా ఊరు తలుచుకుంటే ఇది నాకు బాగా బోధపడుతుంది. మా చిన్నతనంలో మా ఊళ్ళో కొలిమి ఒక్కటే. ఊరి చివర చింతచెట్టు కింద. తొలకరి ముందు రైతులంతా కర్రులు పట్టుకుని అక్కడ బారులు తీరేవారు. మునసబుగారయినా సరే, తన వంతు వచ్చేదాకా చెట్టుకింద చుట్ట కాల్చుకుంటూ కూర్చోవలసిందే. తిత్తి వొత్తడానికి మాబోటి పిల్లకాయలు పోటీలు పడేవాళ్ళం. కళ్ళంలో ధాన్యం కొలిచే రోజున కమ్మరి మేర కొలవందే గింజ ఇంటికి కదిలేది కాదు. ఊరికి అంత ముఖ్యుడు.

ఇంగ్లండులో 1850ల ప్రాంతంలో రిజిస్ట్రార్ జనరల్ కచేరీ వారు ఇంటిపేర్లను లెక్క వేశారు. 73 మందికి ఒకడు స్మిత్, 76 మందికి ఒకడు జోన్స్ అని తేలింది. స్మిత్‌ది ఇప్పటికీ మొదటి స్థానమే. అమెరికాలోనూ అంతే. 2010 జనాభా లెక్కల్లో ఆ దేశంలో 24,42,977 మంది స్మిత్‌లు తేలారు. అంటే లక్షకు 828 మంది. ఒక్క ఇంటిపేరుతో ఒక పెద్ద నగరం నిండిపోతుందన్నమాట!

ఇంతమందీ దాయాదులేనా అని మన ఇళ్ళలో ఆడవారు తప్పక అడుగుతారు. ఇంటిపేరు ఒకటయితే మనం సంబంధం మాట తలపెట్టం గదా. అక్కడ స్మిత్ కుర్రవాడు స్మిత్ పిల్లను నిరభ్యంతరంగా పెళ్ళాడవచ్చును. ఎవరి తాత ఏ ఊరి కమ్మరో! దీన్ని శాస్త్రజ్ఞులు పరీక్ష చేసి కూడా చూశారు. తండ్రినుంచి కొడుక్కు మాత్రమే సంక్రమించే వై క్రోమోజోము అనేది మగవాళ్ళలో వుంటుంది. 2009లో లెస్టర్ విశ్వవిద్యాలయంవారు ఒకే ఇంటిపేరు గల మగవాళ్ళను తీసుకుని ఈ క్రోమోజోములను పోల్చి చూశారు. అరుదైన ఇంటిపేరు గలవారిలో చాలామందికి ఒకే పూర్వీకుడు కనిపించాడు. స్మిత్‌లలో మాత్రం, దారినపోయే ఇద్దరు అపరిచితులకు ఎంత పోలిక వుంటుందో అంతే వున్నది.

స్మిత్ ఒక్క ఇంగ్లీషువాడే అనుకోకండి. అన్ని దేశాలలోనూ వున్నాడు, వేషం మార్చుకుని. జర్మనీలో ష్మిట్. ఫ్రాన్సులో లెఫెవ్ర్, ఫాబ్ర్. స్పెయిన్‌లో హెర్రేరా. పోలండులో కొవాల్‌స్కీ. హంగేరీలో కొవాచ్. రష్యాలో కుజ్నెత్సోవ్. అరబ్బు దేశాలలో హద్దాద్. స్కాట్లండు కొండల్లో మగవన్, అంటే కమ్మరి కొడుకు. అన్నింటికీ అర్థం ఒక్కటే. ఇటలీలో ఏమిటో తెలుసునా? ఫెరారీ! ఈ మాట వినేసరికి మా కుర్రవాడు కుర్చీలోంచి లేచి నుంచున్నాడు. "ఆ ఎర్రకారా?" అన్నాడు. ఆ కారే. దాన్ని తయారుచేసిన ఎంజో ఫెరారీ ఇంటిపేరుకు అర్థం అదే. కోట్లు పోసి కొనుక్కుని, దాని మూతిమీది గుర్రం బొమ్మ చూసుకుని మురిసిపోయేవారు, తాము ఎక్కింది కమ్మరి బండి అని ఎరుగుదురో లేదో!

మామూలు పేరు కావడంలో ఒక సుఖం వున్నది. ఎక్కడయినా దాక్కోవచ్చును. 1848లో ఫ్రాన్సులో విప్లవం వచ్చి లూయీ ఫిలిప్ మహారాజు సింహాసనం వదిలి పారిపోవలసి వచ్చింది. మీసాలూ గడ్డాలూ మార్చుకుని ఓడ ఎక్కి ఇంగ్లండులో దిగాడు. ప్రయాణంలో ఆయన పెట్టుకున్న పేరు మిస్టర్ స్మిత్. పద్దెనిమిదేళ్ళు దేశాన్ని ఏలినవాడికి తలదాచుకోవడానికి కమ్మరి పేరే దిక్కయింది!

మొదటి ప్రపంచయుద్ధం నాటి ముచ్చట దీనికి రెండో వైపు. అమెరికాలో స్థిరపడ్డ జర్మనులను ఇరుగుపొరుగువారు శత్రువుల్లా చూడసాగారు. ఎందరో ష్మిట్‌లు భయపడి స్మిత్‌లయ్యారు. పేరు తిప్పుకోవడం పేదవాళ్ళకే పట్టిన అవస్థ కాదు సుమండీ. బ్రిటిషు రాజకుటుంబంవారు కూడా 1917లో తమ జర్మను పేరు వదిలి విండ్సర్ అనే పేరు పెట్టుకున్నారు.

అమెరికాలోని స్మిత్‌లలో నూటికి 23 మంది నల్లవారు. వారి పూర్వీకులను ఆఫ్రికానుంచి పట్టి తెచ్చినప్పుడు వారి పేర్లు అక్కడే పోయాయి. బానిసకు ఇంటిపేరెందుకు? దొర పద్దులో ఒక్క పేరు, పక్కన ధర, అంతే. 1865లో బానిసత్వం చట్టరీత్యా రద్దయిన తరువాత పెళ్ళి రాయించుకోవాలన్నా, కూలీ ఒప్పందం రాయించుకోవాలన్నా ఇంటిపేరు కావలసి వచ్చింది. కొందరు పాత యజమాని పేరు పెట్టుకున్నారు. కొందరు తమలో తాము ఎప్పటినుంచో గుట్టుగా వాడుకుంటున్న పేరును పైకి చెప్పుకున్నారు. కొందరు కోరి కొత్తపేరు ఎంచుకున్నారు. ఆ తోటల్లో కొలిమిపని నేర్చిన బానిసలు కూడా వుండేవారు. కనుక ఎవరి స్మిత్ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడం కష్టం. కాని 1968లో మెక్సికో ఒలింపిక్సులో 200 మీటర్ల పరుగుపందెం 19.83 సెకన్లలో గెలిచి, బంగారు పతకం మెడలో వేసుకుని, తనవారి హక్కుల కోసం నల్ల తొడుగు వేసిన పిడికిలి పైకెత్తి నిలబడ్డ వీరుడు టామీ స్మిత్. ఆ పిడికిలికి ఆ పేరు ఎంత తగిందో!

మన దేశానికి సంబంధించిన స్మిత్‌లూ వున్నారు. పాతతరం బి.ఏ. విద్యార్థులు ఇండియా చరిత్ర చదువుకున్నది విన్సెంట్ స్మిత్ దొరగారి పుస్తకాలలోనే. మరొకాయన ఫ్రెడరిక్ ఎడ్విన్ స్మిత్. ఈ పేరు చెబితే ఎవరూ గుర్తు పట్టరు, బిరుదు చెబితే పడతారు. ఆయనే బర్కెన్‌హెడ్ ప్రభువు. 1924 నుంచి 1928 దాకా ఇండియా వ్యవహారాల మంత్రి. ఆయన హయాంలోనే 1927లో సైమన్ కమిషన్ వేశారు, ఒక్క భారతీయుడయినా లేకుండా. ఆ కమిషన్ వచ్చినప్పుడే గదా 1928లో మద్రాసులో ప్రకాశం పంతులుగారు తుపాకులకెదురుగా గుండె చూపించింది! కమ్మరి పేరు గలవారంతా మంచివారేనని నేననడం లేదు. పేరు పేరే, మనిషి మనిషే.

అర్థశాస్త్రానికి పునాది వేసిన ఆడం స్మిత్ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. స్కాట్లండువాడు. 1776లో ఆయన ప్రకటించిన మహాగ్రంథం మొదటి ప్రకరణంలోనే కమ్మరివారి ప్రసక్తి తెచ్చాడు. మేకులు చేసే అలవాటు లేని మామూలు కమ్మరి రోజుకు రెండు మూడు వందల మేకులు మాత్రమే చేయగలడట. అలవాటు వున్నా అదే పనిగా పెట్టుకోనివాడు ఎనిమిదివందలో, వెయ్యో చేస్తాడట. మేకులు తప్ప వేరే పనే ఎరగని ఇరవై ఏళ్ళలోపు కుర్రాళ్ళు రోజుకు 2,300లకు పైగా చేయడం తాను కళ్ళారా చూశానని రాశాడు. దేశాల ఐశ్వర్యం ఎక్కడినుంచి వస్తుందని వెదుకుతూ ఈ స్మిత్ కొలిమి దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు!

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన కథ ఒకటున్నది. ఇంగ్లండులో హ్యూ స్మిత్‌సన్ అనే సంపన్నుడుండేవాడు. స్మిత్‌సన్ అంటే కమ్మరి కొడుకు అని అర్థం. ఆయన పెర్సీ అనే మహా ఘనమైన వంశపు పిల్లను పెళ్ళాడాడు. ఆ ఆస్తీ, హోదా కలిసిరాగానే 1750లో పార్లమెంటు చట్టం ద్వారా ఇంటిపేరు పెర్సీ అని మార్చుకున్నాడు. తరువాత నార్తంబర్లండు డ్యూక్ కూడా అయ్యాడు. కమ్మరి పేరు పాత చెప్పుల్లా గుమ్మం దగ్గర విడిచేసినట్లయింది.

ఆయనకు తాను పెళ్ళాడని మరొక స్త్రీవల్ల ఒక కొడుకు కలిగాడు. తండ్రి పేరు చెప్పుకునే యోగ్యత ఆ పిల్లవాడికి లేకపోయింది. తల్లివైపు పేరుతోనే పెరిగాడు, చదువుకున్నాడు, రసాయనశాస్త్రంలో పేరు తెచ్చుకున్నాడు. తల్లి 1800లో చనిపోయిన తరువాత, తండ్రి వదిలేసిన స్మిత్‌సన్ అనే ఇంటిపేరును తాను తీసుకున్నాడు. ఆయనే జేమ్స్ స్మిత్‌సన్. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. 1829లో ఇటలీలో చనిపోయాడు. విల్లు విప్పి చూస్తే, వారసుడైన మేనల్లుడు సంతానం లేకుండా పోతే తన యావదాస్తీ అమెరికా దేశానికి చెందాలని, దానితో వాషింగ్టన్‌లో విజ్ఞానవ్యాప్తికి ఒక సంస్థ పెట్టాలని, దానికి తన పేరు వుండాలని రాసి వున్నది. ఆయన ఆ దేశం గడప ఒక్కనాడూ తొక్కలేదు! మేనల్లుడు నిస్సంతుగానే పోయాడు. అయిదు లక్షల డాలర్లకు పైబడిన సొమ్ము ఓడలో అమెరికా చేరింది. 1846లో స్మిత్‌సోనియన్ సంస్థ వెలిసింది. ఈనాడు వాషింగ్టన్‌లోని మన పిల్లల దగ్గరకు వెళ్ళే తలిదండ్రులంతా చూసి వచ్చే పెద్ద పెద్ద మ్యూజియములు ఆ సంస్థవే. 1904లో టెలిఫోను కనిపెట్టిన గ్రహంబెల్ స్వయంగా వెళ్ళి ఇటలీనుంచి స్మిత్‌సన్ అస్థికలు తెచ్చి అక్కడే వుంచారు.

తండ్రి వదిలించుకున్న పేరును కొడుకు ఏరుకుని ఎంత ఎత్తున పెట్టాడో చూడండి.

ఇదంతా విని మా కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మరి అక్కడ స్మిత్ అంటే ఎవరూ నవ్వరా?" అని అడిగాడు.

నవ్వరు. నిజం చెప్పాలంటే ఇక్కడే నేను కాస్త తడుముకున్నాను. ఇంగ్లండులో ఇంటిపేరు కొలిమిని ఎప్పుడో దాటిపోయింది. స్మిత్ జడ్జీ కావచ్చు, టైలర్ నావికుడు కావచ్చు, పాటర్ కుండ ముట్టకపోవచ్చు. పేరు విని మనిషి వృత్తినిగాని, పుట్టుకనుగాని ఎవరూ లెక్కకట్టరు. మనం అలాకాదు. ఇంటిపేరు చెవిన పడగానే, "మీరేమిట్లు?" అనే ప్రశ్న నాలిక చివరకు వస్తుంది. పైకి అడగకపోయినా లోపల కొలత పడుతుంది. వెనక బల్లమీది పిల్లలు స్కేళ్ళతో కొట్టడం ఎవరి దగ్గర నేర్చుకున్నారు? మన ఇళ్ళలోనే, మన మాటల్లోనే. స్మిత్ అంటే దొరగా, కమ్మరి అంటే నవ్వుగా వినిపిస్తే తప్పు మాటలో లేదు, వినే చెవిలో వున్నది.

అందుకని వాడితో, "పేరు మార్చుకోవడానికి దారులు లేకపోలేదు. పత్రికలో ప్రకటన వేస్తే, గెజెట్టులో వేయిస్తే పని అయిపోతుంది. అదేమీ పెద్ద కష్టం కాదు. కాని మార్చుకునే ముందు ఒకసారి మీ తాతను అడుగు, ఆ పేరుతో ఆయన ఏమేమి చేశాడో," అన్నాను.

వాడు వెళ్ళిపోయాడు. నాలుగురోజులు కనబడలేదు. నిన్న సాయంత్రం వచ్చాడు, చేతిలో నోటుపుస్తకంతో. చివరి పేజీలో వరసగా రాసుకున్నాడు: స్మిత్, ష్మిట్, ఫాబ్ర్, హెర్రేరా, కొవాచ్, ఫెరారీ. అన్నిటికంటే పైన పెద్ద అక్షరాలతో, కమ్మరి. తాతకు ఫోను చేశాడట. చుట్టుపక్కల ఏడూళ్ళ బండిచక్రాలకు ఇనుపకట్లు ఆయన చేతిమీదుగా పడ్డవేనట. ఒక్క కట్టు కూడా జారిందని ఎవరూ తిరిగి రాలేదట. ఆ సంగతి చెప్పినప్పుడు వాడి గొంతులో తాత గొంతు వినబడింది నాకు.

"మరి బడిలో?" అన్నాను.

"ఇద్దరు ముగ్గురు ఇంకా కొడుతూనే వున్నారు తాతగారూ," అన్నాడు. "కాని ఇవాళ హాజరు పిలిచినప్పుడు నేను గట్టిగా పలికాను."